స్మార్ట్‌ఫోన్ ఎంపిక: భద్రత, మరమ్మతు, వాడుకరి అధికారం

స్మార్ట్‌ఫోన్ కొనేటప్పుడు ధర, కెమెరా, మెమరీ చూడటం అందరికీ అలవాటే. కొన్న ఏడాదికో రెండేళ్లకో గానీ బయటపడని గుణాలు మరో మూడున్నాయి. ఫోన్లోని డబ్బూ సమాచారమూ పరాయివాళ్లకు చిక్కకుండా ఉండటం భద్రత. పాడైనప్పుడు దగ్గర్లోనే, భరించగల ఖర్చుతో బాగుపడటం మరమ్మతు యోగ్యత. అందులో ఏముండాలో ఏది ఉండకూడదో డబ్బు పెట్టి కొన్న మనిషే తేల్చుకోగలగడం వాడుకరి అధికారం. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోక తప్పదని ఫోన్ల కంపెనీలు చాలాకాలంగా చెబుతున్నాయి. అందులో నిజం కొంతే. నిజంగా తగువు పడే చోట్లు రెండు మూడుంటే, మిగతావి తయారీలో తీసుకున్న నిర్ణయాల వల్ల పుట్టినవి. కొనేవాడి వైపు నుంచి చూస్తే ఈ మూడింటినీ ఒకే కొలతతో కొలవొచ్చు. అది కాలం: ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి, ఎన్నేళ్లు విడిభాగాలు దొరుకుతాయి, ఆ గడువు దాటాక ఫోన్ ఎవరి మాట వింటుంది.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు లాంటి పట్నానికి ఈ ప్రశ్న హైదరాబాద్‌కంటే గట్టిగా తగులుతుంది. క్షీరారామానికీ కొబ్బరి వ్యాపారానికీ పేరుపడ్డ ఊరు. చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు, చేపల, రొయ్యల చెరువులు, పక్కనే లేసు అల్లికల నరసాపురం. రొయ్యల కౌంట్ ధర వాట్సాప్‌లో వస్తుంది, కొబ్బరి లోడు డబ్బు యూపీఐలో పడుతుంది, గల్ఫ్‌లో ఉన్న మనిషి ముఖం వీడియో కాల్‌లో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ను ప్రారంభించాక ధ్రువపత్రాల పని కూడా వాట్సాప్‌లోకి వచ్చింది. పర్సు, పాసుపుస్తకం, ఆఫీసు అన్నీ ఒకే పరికరంలో చేరినప్పుడు అది ఒక్కరోజు పనిచేయకపోతే ఆగిపోయేవి మాటలొక్కటే కావు. కంపెనీల అధీకృత సర్వీస్ సెంటర్లు సాధారణంగా పెద్ద ఊళ్లలో ఉంటాయి. పాలకొల్లులో చేతికందేది బజారులోని రిపేరు దుకాణం.

తగువు ఎక్కడ మొదలైంది

2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో షావోమీ కంపెనీ రెడ్‌మీ 2 ప్రైమ్ అనే ఫోన్‌ను విడుదల చేసింది. ఆ కంపెనీకి భారతదేశంలో తయారైన మొదటి ఫోన్ అది. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైంది, ధర 6,999 రూపాయలు. దాని వెనక మూత గోటితో ఊడదీయొచ్చు, బ్యాటరీ తీసి కొత్తది వేసుకోవచ్చు. మరమ్మతు సంగతిలో ఈనాటి ఫోన్లు చాలావరకు దాని దరిదాపుల్లో లేవు. భద్రత సంగతి వేరు. అది ఆండ్రాయిడ్ 4.4తో వచ్చింది. లోపలి డేటాను గుప్తలిపిలో దాచి ఉంచడం ఆనాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తప్పనిసరి కాదు. ఫోన్ స్విచాన్ అయ్యేటప్పుడు లోపలి వ్యవస్థ కంపెనీ ఇచ్చినదేనా, ఎవరైనా మార్చారా అని సరిచూసే ఏర్పాటు గట్టిగా అమల్లోకి వచ్చింది 2016 నాటి ఆండ్రాయిడ్ 7తో. అంటే పదేళ్ల కిందట ఫోన్ విప్పడం మెకానిక్‌కి ఎంత సులువో, దోచడం దొంగకీ ఇంచుమించు అంతే సులువు. ఇప్పటి ఫోన్ ఈ రెండు విషయాల్లోనూ తిరగబడింది. డేటాకి తాళం ముందే పడి వస్తుంది, బ్యాటరీ మాత్రం జిగురు కింద ఉంటుంది.

ఈ రెండు మార్పులూ ఒకే కాలంలో వచ్చాయి కాబట్టి ఒకదానికోసం ఇంకొకటి తప్పలేదన్న అభిప్రాయం స్థిరపడింది. నిజానికి జిగురుకీ గుప్తలిపికీ సంబంధం లేదు. డేటా తాళం చెవి ఉండేది ప్రాసెసర్‌లోనో, దాని పక్కన ఉండే ప్రత్యేక భద్రతా చిప్‌లోనో. ఐఫోన్‌లో ప్రాసెసర్ లోపలి ఈ భద్రతా విభాగం 2013లో 5ఎస్‌తో వచ్చింది. బ్యాటరీని మరలతో బిగించినా, జిగురుతో అంటించినా ఆ చిప్ పనిలో తేడా రాదు. నీళ్లు చొరకుండా ఉండాలంటే జిగురు తప్పదన్నది కంపెనీల రెండో జవాబు. 2024లో భారత మార్కెట్లోకి వచ్చిన శాంసంగ్ ఎక్స్‌కవర్ 7కి చేత్తో తీసే బ్యాటరీ ఉంది, నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 రేటింగూ ఉంది. అది కాస్త లావుగా ఉంటుంది, అంతే. నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ 2023లో తెచ్చిన ఫెయిర్‌ఫోన్ 5ని చిన్న స్క్రూడ్రైవర్‌తో భాగాలుగా విప్పొచ్చు, దానికి 2031 దాకా సాఫ్ట్‌వేర్ మద్దతు ఉంటుందని కంపెనీ మాటిచ్చింది. మరమ్మతు వీలూ భద్రతా ఒకే ఫోన్లో ఇమడతాయని చెప్పడానికి ఈ రెండూ చాలు.

భద్రతకు ఒక గడువు తేదీ ఉంటుంది

భద్రత అనగానే చాలామందికి వేలిముద్ర, పాటర్న్ లాక్ గుర్తొస్తాయి. అవి గుమ్మం తలుపులు. గోడలో పడే పగుళ్ల సంగతి తెలియాలంటే తెలుగువాళ్లు మరిచిపోకూడని సంఘటన ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక నియంత్రణ గుర్తుతో కలిసి సందేశంలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆ సందేశం తెరిచిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో అది కనిపిస్తే ఫోన్ మొత్తం మొండికేసేది. ఆనాటి ఐఓఎస్ 11లో తెలుగు గుణింతాలను తెరమీద పేర్చే భాగంలో ఉన్న లోపం అది. పాస్‌వర్డు ఎంత గట్టిదైనా, వాడేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా లాభం లేదు. ఏ మెకానిక్కూ దాన్ని బాగు చేయలేడు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చాకే అది పోయింది. కొన్ని రకాల జబ్బులకు మందు తయారీదారు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. అందుకే భద్రతకు మొదటి కొలత, ఆ మందు ఎన్నేళ్లు వస్తుందన్నది.

ఆండ్రాయిడ్‌లో ఈ పద్ధతికి ఊపు తెచ్చింది 2015లో బయటపడ్డ స్టేజ్‌ఫ్రైట్ లోపాలు. ఒక్క ఎంఎంఎస్ పంపి ఫోన్‌లో చొరబడే వీలుందని తేలాక, ఆ ఆగస్టు నుంచి గూగుల్ నెలనెలా భద్రతా లోపాల జాబితా ప్రకటించి సవరణలు విడుదల చేస్తోంది. అప్‌డేట్లు వచ్చే ఫోన్‌కి ఈ జాబితా రక్ష. గడువు దాటిన ఫోన్‌కి ఇదే జాబితా ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే ఎక్కడ పగులుందో నెలనెలా లోకానికి తెలుస్తూ, పూడ్చేవాడు మాత్రం ఉండడు. పిక్సెల్ 8తో గూగుల్ 2023లోనూ, గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ 2024 మొదట్లోనూ ఏడేళ్ల అప్‌డేట్లకు మాటిచ్చాయి. ఇది ధనవంతుల ఫోన్ల సంగతి అనుకోనక్కర్లేదు. 2024 అక్టోబరులో 20 వేల లోపు ధరతో మొదలైన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించారు. అదే ధరలో రెండు మూడేళ్లతో సరిపెట్టే ఫోన్లూ బజారులో ఉన్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఈ గడువును అమ్మేముందే చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. మన దగ్గర డబ్బా మీద మెగాపిక్సెళ్ల అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది, ఈ అంకె వెతుక్కోవాలి.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. మన ఊళ్లలో జరిగే మోసాలు లోపాల ద్వారా రావు, మనుషుల ద్వారా వస్తాయి. పెళ్లి శుభలేఖ అనో, ఆర్టీఓ చలానా అనో, పీఎం కిసాన్ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు, పంపుతారు. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే అది సందేశాలు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు దాటించేస్తుంది. కొత్త ఫోనైనా పాతదైనా నొక్కే వేలు ఒకటే కదా, ఏడేళ్ల అప్‌డేట్లు ఏం ఆపుతాయి? అభ్యంతరం సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నొక్కిన తర్వాత జరిగే నష్టం వ్యవస్థ వయసును బట్టి మారుతుంది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13 నుంచి, ఇలా దొడ్డిదారిన వచ్చిన యాప్‌కి తెరమీద అన్నిటినీ చదివే ప్రత్యేక అనుమతి సులువుగా దొరకదు. ఇలాంటి ఫైళ్లు ప్రమాదకరమైన అనుమతులు అడిగితే ఇన్‌స్టాల్ కాకుండానే ఆపే పద్ధతిని గూగుల్ 2024లో భారతదేశంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మనిషి పొరపాటు చేస్తాడని ముందే ఊహించి కట్టిన వ్యవస్థ కొత్తది, ఊహించని వ్యవస్థ పాతది. డబ్బు పోయాక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం ఎలాగూ చేయాల్సిందే, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

రిపేరు దుకాణం బల్ల మీద

డెల్టాలో ఫోన్లు చెడేది ఎక్కువగా నీళ్ల వల్లా తేమ వల్లా. చెరువు గట్టు మీద తడిచేత్తో ఫోన్ తీస్తారు, చొక్కా జేబులోంచి వంగినప్పుడు జారుతుంది. ఐపీ రేటింగ్ పరీక్షలు జరిగేది మంచినీళ్లలో. ఉప్పుశాతం ఉన్న రొయ్యల చెరువు నీరు చార్జింగ్ పిన్నులకు పట్టించే చిలుముకు ఆ రేటింగ్ హామీ కాదు. కాబట్టి ఇక్కడ ఎక్కువగా మారే భాగాలు చార్జింగ్ పిన్ ఉన్న కింది బోర్డు, స్పీకరు, డిస్‌ప్లే కాంబో, ఉబ్బిన బ్యాటరీ. మదర్‌బోర్డు నుంచి చార్జింగ్ బోర్డు విడిగా ఉన్న ఫోన్‌కి ఇది చిన్న పని. రెండూ కలిసే ఉంటే పెద్ద పని. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇదీ: ఈ మోడల్ కాంబో, బ్యాటరీ పాలకొల్లులోనో భీమవరంలోనో దొరుకుతాయా, ఆర్డరు పెట్టాలా? ఎక్కువగా అమ్ముడుపోయిన మోడళ్ల భాగాలు మాత్రమే చిన్న ఊళ్ల దాకా వస్తాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఏ ఫోన్ భాగమైనా దొరుకుతుందన్న పేరుంది గానీ అక్కడి నుంచి తెప్పించేలోపు యూపీఐ ఆగిపోతుంది.

ఇంకో చిన్న విషయం దగ్గర్నుంచి చూడాలి. రిపేరుకి ఫోన్ ఇస్తే చాలా దుకాణాల్లో దాని వెనక ఒక స్టిక్కర్ అంటించి పేరు, ఫోన్ నంబరు, తొమ్మిది చుక్కలు గీసి పాటర్న్ లాక్ రాసుకుంటారు. టచ్ పనిచేస్తోందో లేదో చూడటానికి మెకానిక్‌కి అది అవసరమే. దానితోబాటు కుటుంబం ఫొటోలు, బ్యాంకు సందేశాలు, ఆధార్ పీడీఎఫ్‌లు అన్నీ బల్ల మీద తెరిచిపెట్టినట్టే. మరమ్మతుకీ భద్రతకీ ఉన్న తగువు ఇక్కడ నిజమైనది. పరిష్కారం కూడా ఉంది. శాంసంగ్ 2022లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్ ఫోన్లలో గూగుల్ 2023 చివర రిపేర్ మోడ్ తెచ్చాయి. అది ఆన్ చేసి ఇస్తే మెకానిక్‌కి ఫోన్ ఖాళీగా కనిపిస్తుంది, అన్ని భాగాలూ పరీక్షించుకోవచ్చు, సొంత డేటా మాత్రం లోపల తాళంలో ఉంటుంది. ఇంత చక్కటి ఏర్పాటు అన్ని చవక ఫోన్లలో ఎందుకు లేదన్నది కంపెనీలను అడగాల్సిన ప్రశ్న.

రెండో నిజమైన తగువు విడిభాగాలకు వేసే తాళం. ఫోన్ పుట్టినప్పుడే డిస్‌ప్లే, బ్యాటరీ, కెమెరాలను సీరియల్ నంబర్లతో మదర్‌బోర్డుకు ముడివేస్తారు. బయట మారిస్తే కొన్ని సౌకర్యాలు ఆగిపోతాయి. 2021లో ఐఫోన్ 13 డిస్‌ప్లేని బయట మారిస్తే ఫేస్ ఐడీ పనిచేయకపోవడం పెద్ద గొడవై, యాపిల్ దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దింది. దీన్ని సమర్థించేవాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. వేలిముద్ర, ముఖం చదివే సెన్సార్‌ని నకిలీతో మార్చగలిగితే తాళానికి అర్థం లేదు. దొంగ ఫోన్లను విప్పి భాగాలుగా అమ్మే వ్యాపారానికీ ఈ ముడి అడ్డుపడుతుంది. కానీ ఆ తర్కం సెన్సార్ల దాకానే వస్తుంది, బ్యాటరీకో వెనక గాజుకో వర్తించదు. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టం ఇలా భాగాలను ముడివేసి బయటి మరమ్మతును అడ్డుకోవడాన్ని నిషేధించింది. దొంగభాగం అయితే ఆపు, అసలు భాగం అయితే వదులు అని చెప్పగల సాంకేతికత కంపెనీల దగ్గర ఉందని యాపిల్ 2024లో తానే చూపింది. వాడేసిన అసలు భాగాలను ఐఫోన్ 15 నుంచి అనుమతించడం మొదలుపెట్టింది.

భారత ప్రభుత్వం ఈ దారిలో నెమ్మదిగా నడుస్తోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించింది. 2024లో భరత్ ఖేరా అధ్యక్షతన వేసిన మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫోన్లకు మరమ్మతు సూచీ ఇవ్వాలని, విప్పడంలో సులువు, మరమ్మతు సమాచారం, విడిభాగాల లభ్యత, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, పనిముట్లు, మరలూ బిగింపుల రకం అనే ఆరు అంశాలను లెక్కలోకి తీసుకోవాలని అది సూచించింది. మరమ్మతు సూచీలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కలపడం అందులో అన్నిటికంటే తెలివైన పని. విరిగిన తెరా, ఆగిపోయిన అప్‌డేటూ ఫోన్‌ను ఒకే రకంగా చంపుతాయన్న సంగతిని అది ఒప్పుకుంది. ఐరోపా సమాఖ్య ఒక అడుగు ముందుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడి మార్కెట్లోకి వచ్చే కొత్త ఫోన్లకు అమ్మకాలు ఆగాక కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్య విడిభాగాలు ఇవ్వాలి, బ్యాటరీ 800 చార్జింగ్‌ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఆ నిబంధన ఐరోపాది అయినా, అక్కడా ఇక్కడా అమ్ముడయ్యే మోడళ్ల భాగాలు మనకూ ఎక్కువ కాలం దొరికే అవకాశముంది.

ఫోన్ ఎవరి మాట వింటుంది

మూడో గుణాన్ని మన పత్రికలు సాంకేతిక సరదాగా చూస్తాయి. ఫోన్ ఏ వ్యవస్థతో మొదలవ్వాలో తేల్చే బూట్‌లోడర్‌ను తెరవడం, వ్యవస్థ మీద పూర్తి పట్టు తెచ్చుకునేలా రూట్ చేయడం, వేరే వ్యవస్థ ఎక్కించుకోవడం కుర్రాళ్ల వ్యవహారం అన్నట్టు. కానీ తెలుగు రాష్ట్రాల్లో వాడుకరి అధికారం లేకపోవడం ప్రాణాలు తీసిన సందర్భం ఒకటుంది. 2020లో అప్పటికప్పుడు అప్పులిచ్చే లోన్ యాప్‌లు ఫోన్లోని నంబర్లు, ఫొటోలు మొత్తం లాగేసుకున్నాయి. అప్పు తీర్చడం ఒక్కరోజు ఆలస్యమైతే బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీశాయి. కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2 నాటి మార్గదర్శకాల్లో లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాల జోలికి పోకూడదంది. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా తన స్టోర్‌లోని లోన్ యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోల అనుమతి మూసేసింది. అనుమతులను ఒక్కొక్కటిగా ఇవ్వడం, నిరాకరించడం 2015 నాటి ఆండ్రాయిడ్ 6 నుంచి వాడుకరి చేతిలో ఉంది. ‘వద్దు’ అని నొక్కితే యాప్ తెరుచుకోకపోవడమే అసలు సమస్య. వద్దన్నా పని జరగడం వాడుకరి అధికారానికి కనీస అర్థం. రూట్ చేయడం దీని ముందు ఎంతో చిన్న విషయం.

ఈ అధికారం అప్పు రూపంలోనూ పోతుంది. వాయిదాల మీద కొన్న ఫోన్లలో కొన్నిటికి ఫైనాన్స్ కంపెనీ ఒక యాప్ ఎక్కించి, కిస్తీ తప్పితే దూరం నుంచే తాళం వేస్తుంది. రిజర్వు బ్యాంకు ఈ పద్ధతిని 2024లో ఆపమంది. మళ్లీ షరతులతో అనుమతించే ఆలోచన 2025లో చర్చకు వచ్చి, పరిశీలనలో ఉందని గవర్నర్ ఆ అక్టోబరులో చెప్పారు. అప్పు ఇచ్చినవాడికి వసూలు చేసుకునే హక్కుంది, కాదనలేం. అయితే యూపీఐ, గ్యాస్ బుకింగ్, కూలి డబ్బు అన్నీ నడిచే ఫోన్‌కి తాళం వేయడమంటే సంపాదించి అప్పు తీర్చే దారికే తాళం వేయడం. ప్రభుత్వం వైపు నుంచి కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది. పోయిన ఫోన్‌ను ఐఎంఈఐ నంబరుతో పనికిరాకుండా చేసే సంచార్ సాథీ మంచి సేవే. 2025 నవంబరు 28న టెలికాం శాఖ ఆ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే ఎక్కించి ఇవ్వాలని ఆదేశించింది. దేశమంతా గగ్గోలు రేగడంతో డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. సేవ మంచిదే, బలవంతం అక్కర్లేనిది. పాత ఫోన్ కొనేవాళ్లు *#06# నొక్కి ఐఎంఈఐ తెలుసుకుని ఆ సేవలో సరిచూసుకోవడం ఎలాగూ మేలే.

తాళం ఎప్పుడూ చెడ్డదే అనడానికీ వీల్లేదు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు పాఠాలు తప్ప ఇంకేమీ చూడకుండా వాటిలో నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఉంచారు. పదమూడేళ్ల పిల్లల పరికరానికి తాళం ఉండాలనడంలో తప్పులేదు. వాటిలోని పాఠాలిచ్చిన బైజూస్ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఒక సంస్థ సరుకుకీ ఒక నియంత్రణ వ్యవస్థకీ ముడిపడ్డ పరికరం, ఆ సంస్థ తడబడితే ఏమవుతుందో ముందే రాసుకుని ఉండాలి: ఎన్నేళ్లకు తాళం తీసేస్తారు, ఎవరు తీస్తారు, తీసిన తర్వాత కుటుంబం దాన్ని మామూలు ట్యాబ్‌గా వాడుకోవచ్చా. ఫోన్‌కీ ఇదే వర్తిస్తుంది. కంపెనీ అప్‌డేట్లు ఇస్తున్నంత కాలం బూట్‌లోడర్‌కు తాళం ఉండటం వాడుకరికి లాభమే. తాళం తీస్తే, స్విచాన్ అయ్యేటప్పుడు వ్యవస్థను సరిచూసే గొలుసు తెగుతుంది, బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి, ఫోన్ పోతే దొంగకు పని సులువవుతుంది. గడువు ముగిశాక సంగతి మారుతుంది. అప్పుడు తాళం చెవి ఇవ్వకపోతే ఆ ఫోన్‌ను కంపెనీ తానూ కాపాడదు, ఇంకొకరినీ కాపాడనివ్వదు. 2016 డిసెంబరులో మొదలైన లినేజ్ ఓఎస్ లాంటి స్వేచ్ఛా వ్యవస్థలు ఎన్నో పాత ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ ఇస్తున్నాయి. 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలు తెలుగునాట ఈ డిమాండును ఎత్తుకోవాల్సిన అవసరముంది: మద్దతు ముగిసిన రోజే బూట్‌లోడర్ తెరిచే హక్కు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులు ఇక్కడ అడ్డు చెప్పొచ్చు. గ్రాఫీన్ ఓఎస్ లాంటి స్వేచ్ఛా వ్యవస్థలను పిక్సెల్ మీద ఎక్కించి తిరిగి తాళం వేస్తే కంపెనీ వ్యవస్థకంటే గట్టి భద్రత వస్తుంది కదా అని. వస్తుంది. ఆ వాదనలో సాంకేతికంగా లోపం లేదు. అయితే ఆ పని చేయగల మనిషి దగ్గర ఉండాలి, యూపీఐ యాప్ ఒకరోజు తెరుచుకోనని మొరాయిస్తే ఏం చేయాలో తెలిసి ఉండాలి. కొబ్బరి వ్యాపారికో, అంగన్‌వాడీ కార్యకర్తకో అది సలహాగా ఇవ్వడం బాధ్యత లేని పని. తెలిసినవాళ్లకు ఆ దారి తెరిచి ఉండటం వేరు, అందరికీ అదే దారి అనడం వేరు.

లెక్క, మిగిలిన అభ్యంతరాలు

కాలాన్ని కొలతగా పెట్టుకుంటే లెక్క తేలికవుతుంది. ఊహకి రెండు ఫోన్లు తీసుకుందాం. మొదటిది 12,000 రూపాయలు, అప్‌డేట్లు రెండేళ్లు. ఏడాదికి 6,000. రెండోది 20,000, అప్‌డేట్లు ఆరేళ్లు. మధ్యలో ఒక బ్యాటరీకి, ఒక చార్జింగ్ బోర్డుకి కలిపి 4,000 వేసుకున్నా ఏడాదికి 4,000. అప్‌డేట్ గడువు మొదలయ్యేది ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచని, మనం కొన్న రోజు నుంచి కాదని గుర్తుంచుకోవాలి. రెండేళ్ల కిందటి మోడల్ పండగ ఆఫర్‌లో సగం ధరకు వచ్చిందంటే, దాని ఆయుష్షులో రెండేళ్లు ముందే ఖర్చయిపోయి ఉంటుంది. అయినా ఏడేళ్ల గడువున్న ఫోన్‌ను రెండేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొనడం, రెండేళ్ల గడువున్న కొత్త ఫోన్ కొనడంకంటే చాలాసార్లు మెరుగైన బేరం.

ఒకేసారి 20,000 పెట్టలేని ఇల్లు ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. పేదవాడు చవక వస్తువుకి ఎక్కువ ఖర్చు పెట్టడం ఫోన్లతో మొదలైంది కాదు. సెకండ్ హ్యాండ్ దారి చెప్పుకున్నాం. అప్పు చేసి కొనేటప్పుడు తాళం యాప్ ఉందో లేదో ఒప్పందంలో అడగాలి. ఇంకా వీలైతే డబ్బు వ్యవహారాలకు, వినోదానికి ఫోన్లు వేరు చేయాలి. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పేతో బటన్ల ఫోన్‌లోనూ డబ్బు పంపొచ్చు. దాన్ని వాడేవాళ్లు తక్కువ గానీ దారి ఉంది.

అప్‌డేట్ చేస్తేనే ఫోన్ పాడవుతుందన్న మాట ఇంకొకటి. దీన్ని మూఢనమ్మకమని కొట్టేయలేం. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగం తగ్గించామని యాపిల్ 2017 డిసెంబరులో తానే ఒప్పుకుంది. అప్‌డేట్ తర్వాత తెరమీద ఆకుపచ్చ గీతలు పడ్డాయని మన దేశంలో శాంసంగ్, వన్‌ప్లస్ వాడుకరులు ఫిర్యాదు చేస్తే, ఆ కంపెనీలు కొన్ని మోడళ్లకు ఉచితంగా తెర మార్చాయి. వెర్షన్ మార్చే పెద్ద అప్‌డేటు, నెలవారీ భద్రతా సవరణ ఒకటి కావు. పెద్దదాన్ని కొన్ని వారాలు ఆగి, ఫొటోలు బ్యాకప్ తీసుకుని వేసుకోవచ్చు. భద్రతా సవరణను వాయిదా వేయకూడదు. రెండింటినీ విడివిడిగా ఇచ్చే కంపెనీ ఫోన్ ఆ మేరకు మెరుగైనది.

కోనసీమ, పాలకొల్లు, నరసాపురం వైపు ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు కొత్త ఫోన్ కొనుక్కుని పాతది ఇంట్లో పెద్దవాళ్లకు పంపుతారు. మంచి మనసుతో చేసే పనే. దాని ఫలితంగా పెన్షన్ ఖాతా, పంట డబ్బు, డిపాజిట్ల ఓటీపీలు వచ్చే నంబరు వెళ్లి గడువు దాటిన ఫోన్‌లో పడుతుంది. మోసగాళ్లు ఎక్కువగా గురిపెట్టేదీ ఆ వయసువాళ్లనే. పాత ఫోన్ పంపేముందు సెట్టింగ్స్‌లో ‘ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్’ పక్కన ఉన్న తేదీ చూడండి. అది ఆరు నెలలకంటే పాతదై, కొత్త సవరణలు రావడం ఆగిపోయి ఉంటే, ఆ ఫోన్‌ను పాటలకూ వీడియోలకూ ఉంచి, బ్యాంకు సిమ్ కొత్త ఫోన్‌లో వేయండి. ఇంట్లో ఒక్కరికే కొత్త ఫోన్ కొనగలిగితే, అది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లకు కొనండి.